బాట మోతాదు

నాగపూర్,
13 మార్చి 1957, బుధవారం

చిన్నబాపుకు వనమాల దండాలు.

నిన్న మంగళవారం ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు కెమిస్ట్రీ ప్రాక్టికల్ పరీక్షలో నేను ఫ్లాస్కు గీత దాటించాను. ఇంటర్ సైన్స్‌లో ప్రాక్టికల్ విడిగా పాసు కావాలి. యాభైకి పద్దెనిమిది రాకపోతే మిగతా పేపర్లలో ఎన్ని వచ్చినా లాభం లేదు. ఇంటర్ లేనిదే ఫార్మసీ క్లాసుకు దరఖాస్తు కూడా తీసుకోరు.

జరిగింది ఇది. తూచి ఇచ్చిన సోడా ఉప్పును వంద సి.సి.ల ఫ్లాస్కులో వేసి, దాని మెడ మీద ఉన్న గీత దాకా నీళ్లు పోయాలి. నా చెయ్యి గీత దగ్గర ఆగలేదు, పైన వేలెడు పోసి ఆగింది. రెండు సి.సి. ఎక్కువ. ఎక్కువైనది పారబోస్తే దాంతో ఉప్పు కూడా పోతుంది. రెండో పొట్లం ఇవ్వరు. జవాబు పుస్తకంలో ‘గీత దాటింది, సుమారు రెండు సి.సి.’ అని రాసి, దానితోనే పని పూర్తి చేశాను.

ఆ వేలెడు ఎక్కడి నుంచి వచ్చిందో నీకు తెలుసు. పదేళ్ల వయసు నుంచి రేవు దవాఖానాలో నీ పక్కన కూర్చుని సీసాలు కడిగాను, సీసాలకు అంటించే కాగితపు పట్టీలకు మోతాదుకొక గాటు కత్తిరించాను. మందు ముట్టనివ్వలేదు గాని, కడిగిన సీసాల్లో నీళ్లు పోయించి కొలత నేర్పావు. “గీత దాక పొయ్యి, పైన వేలెడు పొయ్యి. అది బాట మోతాదు బిడ్డా. జింగనూర్ దాక బండ్ల పోతె బిరడ జర తాగుతది, బాట జర తాగుతది” అనేవాడివి. ఆరేళ్లు అట్లాగే పోశాను.

ఆ తరువాత నోటి పరీక్షలో, గీత ఎందుకు దాటిందని అడిగారు. ఉన్నది చెప్పాను. అడిగిన ఇద్దరిలో ఒకాయన నవ్వాడు. కళ్లకు చశ్మా పెట్టుకున్న పెద్దాయన నవ్వలేదు. ఒకటే ప్రశ్న వేశాడు: మీ చిన్నాన్న పైన పోసే ఆ వేలెడు నీళ్లా, మందా? తెలియదన్నాను. నువ్వు లోపలి గదిలో పోసి తెచ్చేవాడివి, నేను బిరడా పెట్టేదాన్ని. ఆయన ఏదో రాసుకుని, వెళ్లమన్నాడు.

అందుకే అడుగుతున్నాను. నీళ్లా, మందా? తప్పక రాయి.

బాపుకు ఇది చెప్పకు. నన్ను ఇక్కడికి పంపేటప్పుడు ఆయన అన్న మాట నీ ముందే అన్నాడు: “ఒక్కసారే సూస్త. తప్పితె వచ్చి దుకాణంల కూసోవాలె.”

మన దవాఖానాలో నర్సుగా చేసిన సుశీలాబాయి ఇంట్లోనే ఉంటున్నాను కదా. ఆమె కుడి కంటికి ఏప్రిల్ చివర ఆపరేషన్. ఎవరో ఒకరు దగ్గర ఉండాలి కాబట్టి పరీక్షలైనా నేను వెంటనే రాలేను. రాతపరీక్షలు ఏప్రిల్ 2 నుంచి.

చిన్నమ్మకు దండాలు.
వనమాల


సిరొంచ,
22 మార్చి 1957, శుక్రవారం

చిరంజీవి వనమాలకు దత్తయ్య ఆశీస్సులు.

నీ జాబు మొన్న బుధవారం అందింది. ఇక్కడ అందరూ కులాసా. ఓట్లయిపోయాయి. అల్లపల్లి నుంచి వచ్చే బస్సు మూడు రోజులుగా రావడం లేదు, టేకు దుంగల లారీ ఒకటి దారికి అడ్డంగా పడిందన్నారు. ప్రాణహితలో నీళ్లు తగ్గాయి. రేవులో పడవ సగం దూరం ఇసుకలోనే ఈడ్వాల్సి వస్తున్నది.

నీ ప్రశ్న చదివాను. రెండుసార్లు చదివాను. ఈ దవాఖానాలో నేను మందు కలపబట్టి ఇరవై తొమ్మిదేళ్లయింది. మందులు కలిపేవాళ్లకు కొత్త చట్టం వచ్చినప్పుడు ఆ అనుభవం మీదనే రిజిస్టరులో నా పేరు ఎక్కించారు. దత్తయ్యా, మందులో నీళ్లు పోస్తున్నావా అని ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు. జవాబు రాయను.

నా చెయ్యి నేర్పినందువల్ల నీకు నష్టం జరిగిందన్నది మాత్రం నిజం. మొన్న బుధవారం ఇరవయ్యో తారీఖు దాకా పోశాను. నిన్నటి నుంచి బాట మోతాదు మానేశాను. గీత దాకా పోస్తున్నాను, గీత దగ్గర ఆపుతున్నాను. ఇక ఎవరూ ఏమీ అడగనక్కర లేదు.

మీ చిన్నమ్మ అన్నపూర్ణమ్మకు ఇది నచ్చలేదు. “ఇరవై తొమ్మిదేండ్ల చెయ్యిని ఒక్క జాబు కట్టేసిందా?” అన్నది.

మీ బాపుకు, నర్సయ్య అన్నకు, చెప్పలేదు. రాతపరీక్షలు మంచిగా రాయి. సుశీలాబాయిని అడిగానని చెప్పు.

దత్తయ్య


నాగపూర్,
31 మార్చి 1957, ఆదివారం

చిన్నబాపుకు వనమాల రాసేది.

ఎల్లుండి పరీక్ష. అయినా నీ జాబు మడిచి పెట్టి చదువు ముందర వేసుకుంటే ఒక్క ముక్క ఎక్కలేదు. అందుకే రాస్తున్నాను.

కోపం వచ్చినట్టుంది. ఎందుకో నాకు తెలియలేదు. పరీక్షలో అడిగిన ప్రశ్నే నిన్ను అడిగాను. జవాబు రాయనన్నావు. మోతాదు మానేశానన్నావు. రెండూ కలిపి చదివితే ఒకటే తోస్తున్నది, అది నీళ్లే అయి ఉండాలి. దానికి నీ మీద నాకేమీ కోపం లేదు. చుట్టూ అందరూ అట్లాగే చేస్తుండవచ్చు. కాని నీళ్లే అయితే మానేయడమే మంచిది. పన్నెండు మోతాదుల మందును పద్నాలుగుకు సాగదీస్తే ప్రతి మోతాదులోనూ మందు తగ్గుతుంది. ఫ్లాస్కులో నేను చేసిన తప్పు సరిగ్గా అదే.

సుశీలాబాయికి చెబితే ఆమె కళ్లకు కట్టుకున్న తడిగుడ్డ తీసి నా వైపు చూసింది. “దత్తన్న నీళ్లు పోసిండా? నీ ముఖం. ఆయన చేతుల మీదికెల్లి ఎన్ని సీసలు నేను పేషెంట్లకిచ్చిన” అన్నది. మరి నువ్వు జవాబు ఎందుకు రాయలేదని ఆమెను అడిగితే, “అడిగే తీరు ఉంటది పిల్లా” అని మళ్లీ గుడ్డ కప్పుకుంది.

నేను తప్పుగా అడిగి ఉంటే చెప్పు. పరీక్షలయ్యాక రాస్తాను.

వనమాల


సిరొంచ,
11 ఏప్రిల్ 1957, గురువారం

వనమాలకు,

మొన్న మంగళవారం, తొమ్మిదో తారీఖు, జింగనూర్ జంగుబాయి బిడ్డను దవాఖానాలో చేర్చుకున్నాము. ఏడేళ్ల పిల్ల. ఇప్పుడు జ్వరం లేదు. ఈ పొద్దు గంజి తాగింది. మొదట ఈ మాట చెప్పి తక్కినది రాస్తాను.

జంగుబాయి మార్చి 28న వచ్చి పిల్లకు చలిజ్వరానికి ఇచ్చే కొయినా మందు తీసుకుపోయింది. రోజుకు మూడు, నాలుగు రోజులకు పన్నెండు మోతాదులు. సీసా ఆమె ఇంటిదే. పన్నెండు గాట్ల పట్టీ అంటించి, గీత దాకా పోసి ఇచ్చాను. మొన్న పిల్లను బండిలో పడుకోబెట్టుకుని, ఖాళీ సీసా చేతిలో పట్టుకుని వచ్చింది. వరండాలో పది మంది ఉన్నారు.

“దత్తన్నా, పన్నెండు గాట్లంటివి. ఇంటికి పొయ్యి సూస్తె సీస మీద రెండు గాట్లు ఉత్తగున్నయి. మూడు దినాలు మంచిగున్నది, మల్ల కాక వచ్చింది. ఎప్పుడు గిట్ల కాలె. నీ చెయ్యి చిన్నగైందా?”

ఆమె తగాదాకు రాలేదు. నిజంగానే అడిగింది, నా చేతికి ఏమన్నా అయిందేమోనని చెయ్యి వైపు చూసింది.

డాక్టరు గారు లోపలి నుంచి విని, ఇదివరకు పైన ఏం పోసేవాడివని అడిగారు. నువ్వడిగిన ప్రశ్నే. ఆయనకు జవాబు చెప్పాను కాబట్టి నీకూ రాస్తున్నాను. కొయినా మందు ఏ సీసాకు ఆ సీసాగా కలపను. పొద్దున్నే పెద్ద జాడీలో ఒక్కసారి కలిపి పెడతాను. ప్రతి సీసా ఆ జాడీ నుంచే నింపుతాను. గీత దాకా పోసేది జాడీ మందే, పైన వేలెడూ జాడీ మందే. నీళ్ల కుండ ఆ గదిలోనే లేదు. అది వరండాలో ఉంటుంది, చేతులు కడుక్కోవడానికి.

ఇంకొకటి. జంగుబాయి ఇక్కడికి రాకముందు ఉప్పు కోసం మన దుకాణానికి పోయి, దత్తన్న కొలత తగ్గిందని అక్కడ చెప్పింది. నర్సయ్య అన్న దుకాణం మూయకుండానే వచ్చి నా ముందు కూర్చున్నాడు. దాచలేకపోయాను. నీ జాబులు రెండూ చూపించాను. క్షమించు.

ఆయన రెండూ చదివి మడిచాడు. తరువాత, “కొసరు వెయ్యని చెయ్యి మనింట్ల లేదు తమ్మీ. నేను శేరు బియ్యానికి పిడికెడు కొసరు వేస్త, నువ్వు సీసకు వేలెడు వేస్తవు. మన పిల్లకు ఆ చెయ్యి రాక ఏడ పోతది? కాని కాలేజోళ్ల గీత మీద కొసరు వేస్తె వాళ్లు ఊకుంటరా?” అన్నాడు. ఆపైన, “ఇగ రిజల్టు దాక ఎందుకు, ఇప్పుడే రమ్మని రాయి” అన్నాడు. సుశీలాబాయి కంటి ఆపరేషన్ మాట చెప్పి జూన్ దాకా ఆపాను. అంతకంటే నా చేతిలో లేదు.

బాట మోతాదు మళ్లీ పొయ్యాలా వద్దా? డాక్టరు గారు “నీ ఇష్టం” అన్నారు. నాకు తేలడం లేదు. చదువుకున్నదానివి, నువ్వు చెప్పు. ఈసారి నేను అడుగుతున్నాను.

దత్తయ్య


నాగపూర్,
24 ఏప్రిల్ 1957, బుధవారం

చిన్నబాపుకు,

తప్పు నాది. నీళ్లే అయి ఉండాలని రాసిన వాక్యం వెనక్కు తీసుకుంటున్నాను. అడిగే తీరు ఉంటుందని సుశీలాబాయి అన్నది ఇప్పుడు తెలిసింది. నువ్వు మందు పోశావు. నేను ఫ్లాస్కులో నీళ్లు పోశాను. రెండింటినీ ఒకే గాటన కట్టాను.

నువ్వడిగినదానికి పుస్తకంలో జవాబు వెతికాను, దొరకలేదు. అందుకని కొలిచి చూశాను. పరీక్షలు 17న అయిపోయాయి. మన సీసా లాంటిదే ఒకటి కడిగి, ఆరు ఔన్సుల నీళ్లు గీత దాకా పోసి, మామూలు బిరడా బిగించాను. మా వీధికి కట్టెలు తెచ్చే బండివాడు రెండు రోజులకొకసారి వస్తాడు. సీసాను అతని బండి గుంజకు కట్టి పంపాను. “ఏంది బాయీ, ఎడ్లకు మందా?” అని నవ్వాడు. రెండు రోజుల తరువాత విప్పి కొలిస్తే ఐదు ఔన్సుల ఒక డ్రాము ఉంది. ఔన్సుకు ఎనిమిది డ్రాముల లెక్కన ఏడు డ్రాములు పోయాయి. మన మోతాదు నాలుగు డ్రాములు. అంటే దగ్గర దగ్గర రెండు మోతాదులు. జంగుబాయి చెప్పిన లెక్కే వచ్చింది.

నమ్మకం కుదరక రెండోసారి పంపాను. ఈసారి ఆరు డ్రాములు పోయాయి. బిరడా కొత్తది కావడం వల్ల కావచ్చు.

సుశీలాబాయి, “నా కన్ను కంటె నీ సీసనే ఎక్కువైందా?” అన్నది. ఆమె ఆపరేషన్ మొన్న సోమవారం జరిగింది. కట్టు ఇంకా విప్పలేదు. పరుపు మీద కదలకుండా పడుకుని నాకు పనులు చెబుతూనే ఉంది.

నాకు తోచింది ఇది. బాట మోతాదు మానకు. కాని లోపల పోసి ఊరుకోకు, పట్టీ మీద చూపించు. పన్నెండు గాట్లకు పైన ఒక చిన్న గాటు వేరుగా కత్తిరించి, పక్కన ‘బాట’ అని రాయి. చదువు రానివాళ్లకు చిన్న గాటు కనిపిస్తుంది. సీసా ఇంటికి చేరేసరికి మందు ఆ చిన్న గాటు దగ్గరే ఉంటే, బాట తాగలేదన్నమాట. ఆ పైది తాగవద్దని ఇచ్చేటప్పుడే చెప్పవచ్చు. అల్లపల్లి లాంటి ఊళ్లకు బస్సులో పోయేవాళ్లకు వేలెడు అక్కర లేదేమో. అది కూడా కొలవాలి.

ఎక్కువైతే నష్టం చేసే మందులు ఉంటాయి కదా. వాటికి ఏం చేసేవాడివి? ఇది నిజంగా తెలియక అడుగుతున్నాను.

బాపు చదివాడని తెలిసి రెండు రోజులు అన్నం సహించలేదు. ఇప్పుడు పరవాలేదు.

నీ వనమాల


సిరొంచ,
6 మే 1957, సోమవారం

చిరంజీవి వనమాలకు,

జాబు శనివారం అందింది. జంగుబాయి, పిల్ల కిందటి నెల 16వ తారీఖుననే ఇంటికి పోయారు.

ఈ ఉదయం నుంచి చిన్న గాటు వేస్తున్నాను. మొదటి సీసా పెర్మిలి నుంచి వచ్చిన ముసలాయనది. “ఈ పిల్లగాటు ఎవలిది?” అని అడిగాడు. బాటదన్నాను. “మంచిది, బాటకు గుడ మందు తాపుతున్నవు. దానికి ఏం రోగం?” అన్నాడు. వరండా అంతా నవ్వింది.

నువ్వడిగిన మాట. విషపు మందులకు బాట మోతాదు ఎన్నడూ లేదు. అవి చిన్న సీసాల్లో మూడు మోతాదులకు మించి ఇవ్వను, దూరపువాళ్లయితే ఇక్కడే ఉంచుకుంటాము. నీకు ఇది ఎప్పుడూ చెప్పలేదని ఇప్పుడు గుర్తుకు వచ్చింది. చెప్పనివి ఇంకా ఉన్నాయి. ఆరేళ్లు నీ చేత నీళ్లు పోయించాను. పిల్లదానికి మందు ఎందుకని జాడీ చూపించలేదు. చేతికి నేర్పాను, ఎందుకో చెప్పలేదు. ఫ్లాస్కులో పడిన నీళ్లు అక్కడి నుంచే వచ్చాయి. కాబట్టి తప్పు నీది ఒక్కదానిదే కాదు, సగం నాది ఉంచు.

నర్సయ్య అన్న నీ బండి లెక్క చదివాడు. “కట్టెల బండికి కట్టిందా?” అని రెండుసార్లు అడిగాడు. రిజల్టు మాట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. దుకాణంలో నువ్వు కూర్చోవడానికని గల్లా పక్కన బల్ల ఒకటి వేయించాడు. ఇది నీకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను.

ఎండలు బాగా ఉన్నాయి. సుశీలాబాయి కంటికి నీళ్లు తగలనివ్వకు.

దత్తయ్య


నాగపూర్,
14 జూన్ 1957, శుక్రవారం

చిన్నబాపుకు దండాలు.

నేను పంపిన టెలిగ్రాం అందే ఉంటుంది. పాసయ్యాను, సెకండ్ డివిజన్. ప్రాక్టికల్‌లో పంతొమ్మిది వచ్చాయి. పద్దెనిమిది కావాలి.

ఆ ఒకటి ఎక్కడి నుంచి వచ్చిందోనని మా కాలేజీ డెమాన్‌స్ట్రేటరును అడిగాను. ఆయన చెప్పకూడదు, చెప్పలేదు. “దాటింది అని రాసినవాళ్లు నాకు తెలిసి తక్కువ” అని మాత్రం అన్నారు.

ఫార్మసీ క్లాసుకు దరఖాస్తు సోమవారమే ఇచ్చాను. సీట్లు ఇరవై, దరఖాస్తులు నూట పదకొండు. మార్కుల వరుసలో నా పేరు ముప్పై నాలుగోది. నలభై మందిని ఇంటర్వ్యూకు పిలిచారు. జూలై 3 బుధవారం, ఉదయం పదకొండు గంటలకు. అడిగేవాళ్ల పేర్లు బోర్డు మీద అంటించారు. మొదటి పేరు చశ్మా పెద్దాయనది. ఆయన ఫార్మసీ మనిషి అని నాకు అప్పుడే తెలిసింది. మార్చిలో ఆ ప్రశ్న ఎందుకు వేశాడో కూడా.

ఇంటర్వ్యూకు తండ్రి వచ్చి వాళ్ల ఎదుట సంతకం చేయాలి. చేయకపోతే పేరు పిలవరు. బాపుకు నేను రాయలేదు. రాయడానికి కూర్చుంటే బల్ల గుర్తుకు వస్తున్నది. నువ్వు అడుగు. రానంటే కోప్పడకు, ఆయన మాట ప్రకారం ఒక్కసారి చూశాడు, నేను తప్పలేదు. అంతే చెప్పు.

ఇక్కడ ఫ్లూ జ్వరాలు ఎక్కువగా ఉన్నాయి. సుశీలాబాయి కన్ను బాగుంది. నన్ను చూసి, “ఇంత సన్నగైనవా, ఇన్ని దినాలు కనబడలె” అన్నది.

వనమాల


సిరొంచ,
22 జూన్ 1957, శనివారం

చిరంజీవి వనమాలకు చిన్నబాపు ఆశీస్సులు.

నర్సయ్య అన్న వస్తున్నాడు.

నీ జాబు చదివి వినిపించాను. దుకాణంలో గిరాకీ ఉంది, చింతపండు తూస్తున్నాడు. తూకం సరిపోయాక అలవాటు ప్రకారం ఇంత చింతపండు పైన వేశాడు. “ముప్పై నాలుగో పేరు, ఇరవై సీట్లు. అయితదంటవా?” అన్నాడు. తెలియదన్నాను. “తెల్వదన్నోని మాటే నమ్మాలె” అన్నాడు. సాయంత్రానికి గల్లా పక్క బల్ల మీద ఉప్పు బస్తాలు పెట్టించాడు.

ఫ్లూ ఇక్కడికీ వచ్చింది. నిన్న ఒక్కరోజే అరవై రెండు సీసాలు నింపాను. అందుకని నేను రాలేను. పట్టీలకు గాట్లు మీ చిన్నమ్మ కత్తిరిస్తున్నది. నీ అంత సమంగా రావడం లేదు. ఆమెకు చెప్పకు.

ప్రాణహిత పెరుగుతున్నది. అల్లపల్లి బాట వానకు తెగింది, కాబట్టి ప్రయాణం మంచిర్యాల మీదుగా. జూలై 1 సోమవారం ఉదయం ఆరు గంటలకు పడవ. అవతలి ఒడ్డు నుంచి చెన్నూరు దాకా ఎడ్లబండి, అక్కడి నుంచి బస్సు, మంచిర్యాలలో రైలు. మంగళవారం పొద్దుటికి నాగపూర్ స్టేషనులో దిగుతాడు. మరాఠీ బోర్డులు చదవలేడు, నువ్వు ప్లాట్‌ఫారం మీదనే ఉండు.

ఆయన సంచిలో సీసా ఒకటి పంపుతున్నాను. కొయినా మందు, జాడీ నుంచి పోసింది. పడవ, బండి, బస్సు, రైలు నాలుగూ ఎక్కి వస్తుంది. ఇక్కడ ఎంత పోసిందీ పట్టీ మీద ఔన్సులు, డ్రాములతో రాసి, దాని మీద తెల్లకాగితం అంటించాను. ముందు నువ్వు కొలువు. ఎంత వచ్చిందో రాసుకున్న తరువాతనే కాగితం చింపి చూడు. మంగళవారం సాయంత్రంలోగా ఈ పని కావాలి.

బుధవారం పదకొండు గంటలకు ఇంటర్వ్యూ. మీరిద్దరూ పదిన్నరకే అక్కడ ఉండండి. సీసా వెంట తీసుకుపో, చశ్మా పెద్దాయన మళ్లీ అడగవచ్చు.

దత్తయ్య